వీ యూ గేమ్‌ప్యాడ్ తెర మీద బొమ్మ ఆగి ఆగి వస్తోంది: రూటర్ మారిస్తే బాగుపడుతుందా?

సందేహి (ప్రశ్న)

నింటెండో వీ యూ కన్సోల్ (దాని గేమ్‌ప్యాడ్ అంటే మధ్యలో తెర ఉన్న కంట్రోలర్). టీవీ వెనక, గోడకి ఆనుకుని ఉన్న చెక్క అరలో ఉంది. రూటర్ కూడా ఆ అరలోనే, కన్సోల్‌కి 30 సెంటీమీటర్ల దూరంలో. అదే గదిలో కూర్చుంటే గేమ్‌ప్యాడ్ మీద బొమ్మ శుభ్రంగా ఉంటుంది. పక్క గదిలోకి వెళ్తే (మధ్యలో ఒక ఇటుక గోడ, మొత్తం దూరం 6 మీటర్లు) 10, 15 సెకన్లకోసారి బొమ్మ బిగుసుకుపోయి, ఒక్కసారిగా ముందుకి దూకుతుంది. శబ్దం కూడా తెగుతుంది. స్పీడ్ టెస్ట్‌లో ఇంటర్నెట్ 100 ఎంబీపీఎస్ చూపిస్తోంది.

తెలుసుకోవాల్సినవి నాలుగు. రూటర్ గానీ ప్లాన్ గానీ మారిస్తే ఫలితం ఉంటుందా? మధ్యలో రిపీటర్ (వైఫై సిగ్నల్‌ని అందుకుని మళ్ళీ పంపే పెట్టె) పెట్టొచ్చా? మామూలు టాబ్లెట్‌ని గేమ్‌ప్యాడ్‌లా వాడే దారి ఉందా? ఇంకోటి, ఒకే గదిలో ఆడుతున్నప్పుడు గేమ్‌ప్యాడ్ స్పీకర్‌లో శబ్దం ముందు వచ్చి, టీవీలో కాస్త తర్వాత వస్తోంది. వైర్‌లెస్ కదా, అదే వెనకపడాలి గదా?

---

తరంగం

ఇంటర్నెట్ స్పీడ్ సంగతి పూర్తిగా పక్కన పెట్టండి. గేమ్‌ప్యాడ్ బొమ్మ మీ రూటర్ గుండా వెళ్ళదు. ఇంటర్నెట్ కనెక్షన్ తీసేసినా, రూటర్ కరెంటు ఆపేసినా గేమ్‌ప్యాడ్ మామూలుగానే పని చేస్తుంది. కన్సోల్ లోపల రెండు వైఫై మాడ్యూళ్ళు వేరువేరుగా ఉంటాయి. ఒకటి ఇంటర్నెట్ కోసం, అది 2.4 గిగాహెర్ట్జ్ మాత్రమే. రెండోది కేవలం గేమ్‌ప్యాడ్ కోసం, అది 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో 802.11ఎన్ అనే వైఫై పద్ధతిలో నడుస్తుంది. ఈ రెండోదాంట్లో కన్సోలే యాక్సెస్ పాయింట్ (రూటర్‌లా సిగ్నల్ ఇచ్చేది), గేమ్‌ప్యాడ్ దానికి కట్టుబడిన ఒకే ఒక్క అతిథి. కంటికి కనపడని హెచ్‌డీఎంఐ తీగ అనుకుంటే సగం అనుమానాలు తీరిపోతాయి.

కాబట్టి ఎక్కువ స్పీడ్ ప్లాన్ వల్ల పైసా ఉపయోగం లేదు. రూటర్‌ని *కదిపితే* మాత్రం ఉంటుంది, అది వేరే కారణానికి. దాని సంగతి కింద చెప్తాను.

ముందు ఒక పరీక్ష చేయండి. ఒకే బొమ్మ టీవీలోనూ గేమ్‌ప్యాడ్‌లోనూ వచ్చే ఆట పెట్టి, టీవీ కనపడేలా, వినపడేలా ఉంచి, పక్క గదిలోకి నడవండి. రెండూ ఒకేసారి తడబడితే అది ఆటకే ఉన్న బరువు, రేడియోకి సంబంధం లేదు. టీవీలో సాఫీగా నడుస్తూ గేమ్‌ప్యాడ్ ఒక్కటే ఆగితే అది గాలిలో తప్పిపోతున్న ప్యాకెట్ల (సమాచారపు ముక్కల) సమస్య. శబ్దం కూడా తెగుతోందన్నారు కాబట్టి రెండోదే అయి ఉంటుంది, అయినా చూసుకోవడం మంచిది.

ఇక కన్సోల్ ఉన్న చోటు. టీవీ వెనక పెట్టడం అన్నిటికంటే చెడ్డ చోటు. టీవీ ప్యానెల్ వెనక పెద్ద లోహపు రేకు ఉంటుంది, 5 గిగాహెర్ట్జ్ సిగ్నల్‌కి అది గోడ కన్నా గట్టి అడ్డం. చెక్క అర వల్ల పెద్ద నష్టం లేదు. మామూలు గాజు తలుపున్నా ఫరవాలేదు. అద్దం, లోహపు పూత ఉన్న గాజు, ఇనుప బీరువా, నీళ్ళున్న అక్వేరియం, ఇవి దారిలో ఉంటే తేడా స్పష్టంగా తెలుస్తుంది. మనిషి ఒళ్ళు కూడా ఎక్కువగా నీళ్ళే. కన్సోల్ వైపు వీపు పెట్టి కూర్చున్నప్పుడు తడబాటు ఎక్కువై, అటు తిరిగితే తగ్గుతుంటే మీరు సరిగ్గా అంచు మీద ఉన్నారని లెక్క.

నింటెండో చెప్పే దూరం సుమారు 8 మీటర్లు, అదీ మధ్యలో అడ్డం లేనప్పుడు. ఇటుక గోడ తగిలితే ఆ లెక్క చెల్లదు.

చేయాల్సింది: కన్సోల్‌ని టీవీ వెనక నుంచి తీసి టీవీ పక్కన, నేల నుంచి ఒక మీటరు ఎత్తులో, పక్క గది గుమ్మానికి ఎదురుగా వచ్చేలా పెట్టండి. తలుపు తెరిచి ఉంటే సిగ్నల్ గోడని చీల్చుకుని వెళ్ళక్కర్లేదు, గుమ్మంలోంచే వస్తుంది. దీనికి 5 మీటర్ల హెచ్‌డీఎంఐ కేబుల్ సరిపోతుంది. ఈ కన్సోల్ ఇచ్చేది గరిష్ఠంగా 1080పీయే కాబట్టి ఆ పొడవుకి మామూలు కేబుల్ చాలు. వీ రిమోట్‌లు కూడా వాడేవాళ్ళయితే సెన్సర్ బార్ (ఆ రిమోట్‌లు గురి చూసుకునే పట్టీ) తీగ అందుతుందో లేదో ముందే కొలుచుకోండి, కన్సోల్ జరిపేటప్పుడు పొడవు చాలనిది ఎక్కువగా ఆ తీగే. చాలామంది హెచ్‌డీఎంఐ కేబుల్ పెద్దది కొనడం దగ్గర వెనకాడి కన్సోల్‌ని టీవీ వెనకే ఉంచేస్తారు. ఈ మొత్తం సమస్యలో అత్యంత ఫలితం ఇచ్చే పని అదే.

---

మాక్రోబ్లాక్

తరంగం గారు చెప్పినదానికి లోపలి కారణం కలుపుతాను. బొమ్మ మెల్లగా మసకబారకుండా ఒక్కసారిగా ఎందుకు బిగుసుకుంటుందో తెలిస్తే మందు ఎక్కడ వేయాలో తెలుస్తుంది.

గేమ్‌ప్యాడ్ తెర 6.2 అంగుళాలు, 854×480 చుక్కలు. అంటే ఒక ఫ్రేమ్‌లో 4,09,920 చుక్కలు. చుక్కకి 24 బిట్లు, సెకనుకి 60 ఫ్రేములు అంటే కుదించకుండా పంపాలంటే సెకనుకి సుమారు 590 మెగాబిట్లు కావాలి. 20 మెగాహెర్ట్జ్ వెడల్పులో ఒకే స్ట్రీమ్‌తో 802.11ఎన్ ఇచ్చే మామూలు గరిష్ఠ వేగం 65 ఎంబీపీఎస్. అందుకే కన్సోల్ లోపలే బొమ్మని హెచ్.264 అనే వీడియో పద్ధతిలో కుదించి పంపుతారు. శబ్దాన్ని మాత్రం కుదించరు. 48 కిలోహెర్ట్జ్, 16 బిట్లు, స్టీరియో. అదొక్కటే నిలకడగా 1.5 ఎంబీపీఎస్ తింటుంది.

ఇప్పుడు అసలు తెలివి. మామూలుగా వీడియో కుదించేటప్పుడు ఫ్రేమ్ మొత్తం చేతికొచ్చాక కుదించి, మొత్తం పంపి, అటువైపు మొత్తం విప్పి, అప్పుడు తెర మీద పెడతారు. ప్రతి మెట్టు దగ్గరా ఒక ఫ్రేమ్ కాలం, అంటే 16.7 మిల్లీసెకన్లు, పోతూనే ఉంటుంది. ఇక్కడ అలా కాదు. ఫ్రేమ్‌ని ముక్కలు చేసి, పై ముక్క సిద్ధం కాగానే పంపేస్తారు. కింద ముక్క కుదిస్తుండగా పై ముక్క గాలిలో ఉంటుంది. హెచ్.264 లో పని 16×16 చుక్కల గళ్ళలో జరుగుతుంది. 480ని 16తో భాగిస్తే 30 వరసలు సరిగ్గా వస్తాయి. 854 మాత్రం 16తో తెగదు, అందుకే లోపల 864గా, అంటే 54 గళ్ళుగా కుదించి, ఆ పక్కనున్న 10 చుక్కలు తెర మీదకి రాకుండా కత్తిరిస్తారు. 54×30, ఫ్రేముకి 1620 గళ్ళు.

ఆలస్యం తగ్గించడానికి ఇంకో రెండు వదులుకున్నారు. తర్వాత రాబోయే ఫ్రేమ్‌ని కూడా చూసి కుదించే బీ-ఫ్రేములు లేవు. సినిమా స్ట్రీమింగ్‌లో ఉన్నట్టు కొన్ని సెకన్ల సరుకు ముందే నిలవ చేసుకునే బఫర్ కూడా లేదు. వచ్చింది వచ్చినట్టు తెర మీదకి. కన్సోల్, గేమ్‌ప్యాడ్ రెండూ వైఫై బీకన్‌లో (నెట్‌వర్క్ తన ఉనికిని చాటే చిన్న సందేశంలో) ఉండే మైక్రోసెకండ్ గడియారాన్ని చూసుకుని అడుగు కలుపుతాయి.

దీనికి మూల్యం ఏమిటంటే, తప్పుకి చోటు లేదు. ప్రతి ఫ్రేమ్ దాని ముందు ఫ్రేమ్‌తో ఉన్న తేడాని మాత్రమే చెప్తుంది. ఒక ముక్క పోతే తర్వాత వచ్చేవన్నీ తప్పు బొమ్మ మీద దిద్దిన దిద్దుబాట్లవుతాయి. అందుకే ముక్క పోయిందని తెలియగానే గేమ్‌ప్యాడ్ కన్సోల్‌ని పూర్తి ఫ్రేమ్ అడుగుతుంది. ఆ పూర్తి ఫ్రేమ్ వచ్చేదాకా పాత బొమ్మే ఉండిపోతుంది. మీరు చూస్తున్న "బిగుసుకోవడం" అదే, "దూకడం" ఆ పూర్తి ఫ్రేమ్ చేరిన క్షణం.

చిక్కు ఇక్కడే ముదురుతుంది. పూర్తి ఫ్రేమ్ పెద్దది. లెక్క కోసం తేడా ఫ్రేమ్ 10 వేల బైట్లు, పూర్తి ఫ్రేమ్ 40 వేల బైట్లు అనుకుందాం. గాలిలో వేగం 65 ఎంబీపీఎస్ ఉంటే మొదటిది 1.2 మిల్లీసెకన్లలో, రెండోది 5 మిల్లీసెకన్లలోపు అయిపోతాయి. హాయిగా సరిపోతుంది. గోడ దాటాక సిగ్నల్ బలహీనపడి వైఫై తన కిందిమెట్టుకి, 6.5 ఎంబీపీఎస్‌కి దిగిందనుకోండి. తేడా ఫ్రేముకే 12 మిల్లీసెకన్లు పడుతుంది, పూర్తి ఫ్రేముకి 49. చేతిలో ఉన్నది 16.7 మాత్రమే. అంటే కోలుకోవడానికి పంపే ఫ్రేమే తర్వాతి రెండు ఫ్రేముల దారిని అడ్డగిస్తుంది. అందుకే ఈ రోగం అంచు దాకా అసలు కనపడదు, అంచు దాటగానే ఒక్కసారిగా కమ్ముకుంటుంది. అర మీటరు దగ్గరికి జరిగితే బాగైపోవడం కూడా ఇందుకే.

2012 ఈ3 ఆటల ప్రదర్శనలో ఒకే కన్సోల్‌కి రెండు గేమ్‌ప్యాడ్‌లు కలపొచ్చని చెప్పినప్పుడు ఒక్కోదానికి సెకనుకి 30 ఫ్రేములే అన్నారు. ఉన్న గాలి సమయాన్నే ఇద్దరికీ పంచాలి మరి.

మీ నాలుగో ప్రశ్నకి జవాబు కూడా ఇందులోనే ఉంది. గేమ్‌ప్యాడ్ వెనకపడట్లేదు, మీ టీవీ వెనకపడుతోంది. టీవీ హెచ్‌డీఎంఐలో వచ్చిన బొమ్మని పెద్దది చేయడం, మచ్చలు తుడవడం, కదలిక నునుపు చేయడం కోసం కొన్ని ఫ్రేములు పట్టి ఉంచుతుంది, దానికి జత కలిపేందుకు శబ్దాన్నీ ఆపుతుంది. టీవీలో ఆ హెచ్‌డీఎంఐ పోర్టుకి గేమ్ మోడ్ పెట్టండి. కదలిక నునుపు చేసేవి అన్నీ ఆపేయండి. చాలా టీవీల్లో ఈ సెట్టింగ్ పోర్టు పోర్టుకీ వేరుగా ఉంటుంది, కేబుల్ వేరే పోర్టుకి మారిస్తే మళ్ళీ పెట్టాలి.

ఎంత తేడా ఉందో కొలవాలంటే ఫోన్ కెమెరాని సెకనుకి 240 ఫ్రేముల స్లో మోషన్‌లో పెట్టి టీవీ, గేమ్‌ప్యాడ్ రెండూ ఒకే చట్రంలో పడేలా తీయండి. తెర మొత్తం ఒక్కసారిగా మారే చోటు చూడండి, నల్లటి తెర నుంచి తెల్లటి మెనూ రావడం లాంటిది. రెండింటి మధ్య వీడియో ఫ్రేములు లెక్కపెట్టి 4.2తో హెచ్చిస్తే మిల్లీసెకన్లు వస్తాయి. రెండు తెరలూ పై నుంచి కిందకి నింపుతాయి కాబట్టి రెండింట్లోనూ ఒకే ఎత్తున ఉన్న చోటునే పోల్చాలి. ఒకదాని పై అంచు, ఇంకోదాని కింది అంచు పోలిస్తే లెక్క తప్పుతుంది.

---

సందేహి

పరీక్ష చేశాను, టీవీలో బొమ్మ ఆగట్లేదు, గేమ్‌ప్యాడ్ ఒక్కటే. రూటర్ పేజీలో 5 గిగాహెర్ట్జ్ కింద ఛానల్ ఆటో (ఇప్పుడు 36), వెడల్పు 80 అని ఉంది. దీన్ని మార్చాలా? గేమ్‌ప్యాడ్ ఛానల్ కన్సోల్‌లో ఎక్కడ మార్చాలో కనపడలేదు.

---

తరంగం

కన్సోల్ మెనూల్లో గేమ్‌ప్యాడ్ ఛానల్ మార్చే చోటు లేదు, వెతకకండి. మార్చగలిగింది రూటర్ వైపే.

గేమ్‌ప్యాడ్ లింకు 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్ కింది కొసలో, 5.2 దగ్గర నడుస్తుంది. 36తో మొదలయ్యే 80 మెగాహెర్ట్జ్ వెడల్పు అంటే 36, 40, 44, 48 నాలుగూ మీ రూటర్ ఒక్కటే ఆక్రమించినట్టు. గేమ్‌ప్యాడ్ పక్కకి తప్పుకుందామన్నా చోటు మిగల్లేదు. వైఫైలో ఎవరైనా మాట్లాడే ముందు ఛానల్ ఖాళీగా ఉందా అని వినాలి. రూటర్ మీద పెద్ద డౌన్‌లోడ్ నడుస్తుంటే కన్సోల్ తన వంతు కోసం ఆగుతుంది, ఆగిన ప్రతి మిల్లీసెకనూ ఆ 16.7లోంచే పోతుంది. పైగా 30 సెంటీమీటర్ల దూరంలో ఉన్న రూటర్ కన్సోల్ చెవిలో అరుస్తున్నట్టే. పక్క ఛానల్‌కి మారినా అంత దగ్గరి నుంచి వచ్చే మోత పూర్తిగా పోదు.

ఈ వరసలో చేయండి:

1. రూటర్‌ని కన్సోల్ నుంచి కనీసం రెండు మీటర్లు దూరం జరపండి.
2. ఆటో తీసేసి ఛానల్ 149 లేదా ఆపైది పెట్టండి, మీ దేశంలో వాటికి అనుమతి ఉంటేనే. లేకపోతే 100 పైనున్నవి.
3. వెడల్పు 80 నుంచి 40కి తగ్గించండి. 149 పైకి వెళ్ళగలిగితే 80 ఉంచినా గేమ్‌ప్యాడ్‌కి అడ్డం రాదు.
4. రూటర్ కొత్త ఛానల్‌లో స్థిరపడ్డాక కన్సోల్‌ని పూర్తిగా ఆపి మళ్ళీ ఆన్ చేయండి.

100 పైనున్న ఛానళ్ళతో ఒక మెలిక ఉంది. 52 నుంచి 144 వరకు ఉన్నవి చాలా దేశాల్లో రాడార్‌తో పంచుకునేవి. రాడార్ వినపడితే రూటర్ వెంటనే ఖాళీ చేయాలి, చాలా రూటర్లు అప్పుడు తిరిగి 36కే పారిపోతాయి. "నిన్న బాగుంది, ఇవాళ మళ్ళీ మొదలైంది" అనిపిస్తే మొదట రూటర్ పేజీలో ఇప్పుడు ఏ ఛానల్ ఉందో చూడండి.

మైక్రోవేవ్ ఓవెన్‌ని తిట్టక్కర్లేదు. అది 2.45 గిగాహెర్ట్జ్ దగ్గర మోత చేస్తుంది. దాని దెబ్బ వీ రిమోట్‌ల బ్లూటూత్ మీద, కన్సోల్ ఇంటర్నెట్ వైఫై మీద పడుతుంది, గేమ్‌ప్యాడ్ బొమ్మ మీద కాదు.

---

పెంగ్విన్‌రెక్క

రిపీటర్, టాబ్లెట్ రెండింటికీ కలిపి చెప్తాను, అడ్డం ఒకటే కాబట్టి.

రిపీటర్ పని చేయదు. రిపీటర్ ముందు కన్సోల్ నెట్‌వర్క్‌లో చేరాలి, చేరలేదు. పైకి చూస్తే అది మామూలు డబ్ల్యూపీఏ2 అనే వైఫై రక్షణ పద్ధతిలాగే ఉంటుంది, కానీ తాళం చెవులు తయారుచేసే లెక్కలో బిట్లని కొంచెం జరిపారు. ఆ చిన్న తేడా వల్ల బజారులో దొరికే ఏ రిపీటర్‌కీ, ఫోన్‌కీ, ల్యాప్‌టాప్‌కీ సరైన పాస్‌వర్డ్ ఇచ్చినా తలుపు తెరుచుకోదు. ఈ సంగతి, వీడియో పంపే పద్ధతితో సహా, 2013 డిసెంబరులో హాంబర్గ్‌లో జరిగిన 30వ కేయాస్ కమ్యూనికేషన్ కాంగ్రెస్ అనే హ్యాకర్ల సదస్సులో విప్పి చూపించారు. ఒకవేళ చేరగలిగినా, ఒకే రేడియో ఉన్న రిపీటర్ ప్రతి ప్యాకెట్‌నీ విని మళ్ళీ పలకాలి, గాలి సమయం రెట్టింపు అవుతుంది. మాక్రోబ్లాక్ గారి లెక్క చూశాక అది ఎందుకు గిట్టుబాటు కాదో వేరే చెప్పక్కర్లేదు.

జత కలిపేటప్పుడు టీవీ మీద నాలుగు పేకముక్కల గుర్తులు వస్తాయి కదా, అవే గేమ్‌ప్యాడ్ మీద నొక్కుతాం. అది అలంకారం కాదు. ఇస్పేటు 0, ఆఠీను 1, డైమను 2, కళావరు 3. నాలుగు గుర్తులు కలిసి నాలుగు అంకెలు, వాటి వెనక ఎప్పుడూ 5678. మొత్తం 8 అంకెల డబ్ల్యూపీఎస్ (వైఫై జత కలిపే పద్ధతి) పిన్. అంటే సాధ్యమయ్యే కలయికలు 256 మాత్రమే, కాకపోతే సింక్ నొక్కిన కాసేపే ఆ తలుపు తెరిచి ఉంటుంది.

ఇక టాబ్లెట్. మామూలు యాప్ వేసేసుకుంటే అయ్యేది కాదు. కుదిరేది లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌తో. వనిల్లా అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉంది, అది కంప్యూటర్‌ని గేమ్‌ప్యాడ్‌గా నటింపజేస్తుంది. మార్చిన ఆ డబ్ల్యూపీఏ2కి తగ్గట్టు దిద్దిన వైఫై ప్రోగ్రామ్‌ని తనతోనే తెచ్చుకుంటుంది. లినక్స్ నడిచే ల్యాప్‌టాప్‌లో, స్టీమ్ డెక్ అనే చేతి కన్సోల్‌లో నేరుగా నడుస్తుంది. ఆండ్రాయిడ్ టాబ్లెట్‌లో అయితే వైఫై లోపలికి అంత లోతుగా చేయి పెట్టనివ్వరు. మధ్యలో ఒక లినక్స్ యంత్రం కన్సోల్‌తో మాట్లాడి టాబ్లెట్‌కి అందించాలి.

కావాల్సినవి: 5 గిగాహెర్ట్జ్ 802.11ఎన్ ఉన్న వైఫై కార్డు (2.4 మాత్రమే ఉన్న చౌక యూఎస్‌బీ ముక్కలతో కన్సోల్ కనపడనే కనపడదు), అడ్మిన్ హక్కు. ఇంటర్నెట్ కోసం వేరే దారి, అంటే ల్యాన్ తీగ గానీ రెండో వైఫై కార్డు గానీ, కూడా ఉండాలి. కార్డు కన్సోల్‌కి అంకితమైపోతుంది, అదే కార్డు మీద ఇంటర్నెట్ కూడా అనుకోవద్దు. నెట్‌వర్క్ మేనేజర్ (లినక్స్‌లో వైఫైని చూసుకునే ప్రోగ్రామ్) ఆ కార్డుని మధ్యలో వేరే నెట్‌వర్క్‌లు వెతకడానికి లాక్కుంటే ప్రతిసారీ ఒక క్షణం బొమ్మ పోతుంది, కాబట్టి ఆ కార్డుని దాని చేతిలోంచి తప్పించండి. కార్డు పవర్ సేవింగ్ కూడా ఆపాలి. ఈ రెండూ వదిలేసి "సాఫ్ట్‌వేర్ బాగాలేదు" అని వదిలేసినవాళ్ళు చాలామంది.

దీనివల్ల దూరం మాత్రం పెద్దగా పెరగదు. మంచి యాంటెన్నా ఉన్న కార్డుతో వినడం మెరుగవుతుంది, కన్సోల్ పలికే బలం మారదు.

---

తెరచాప

పై జవాబులు చదివి కొందరు ప్లేస్టేషన్ పోర్టల్‌కి కూడా ఇదే మందు అనుకునే ప్రమాదం ఉంది. చూడ్డానికి రెండూ ఒకటే, మధ్యలో తెర ఉన్న కంట్రోలర్. దారి మాత్రం పూర్తిగా వేరు.

2023 నవంబరులో వచ్చిన పోర్టల్ తెర 8 అంగుళాలు, 1080పీ, సెకనుకి 60 ఫ్రేములు. ఇది కన్సోల్‌తో నేరుగా మాట్లాడదు. బొమ్మ ప్లేస్టేషన్ 5 నుంచి రూటర్‌కి, రూటర్ నుంచి పోర్టల్‌కి వస్తుంది. సోనీ కనీసం 5 ఎంబీపీఎస్ కావాలంటుంది, హాయిగా నడవాలంటే 15. కన్సోల్ కూడా వైఫై మీదే ఉంటే ప్రతి ప్యాకెట్ గాలిలో రెండుసార్లు ప్రయాణిస్తుంది. కన్సోల్‌కి ల్యాన్ తీగ తగిలిస్తే ఆ భారం ఒక్క దెబ్బకి సగం అవుతుంది. పోర్టల్ ఉన్నవాళ్ళు అన్నిటికంటే ముందు చేయాల్సింది ఇదే. వీ యూకి ల్యాన్ అడాప్టర్ తగిలిస్తే, 2024 ఏప్రిల్‌లో నింటెండో ఆ సేవ ఆపేసే దాకా, ఆన్‌లైన్ ఆట మెరుగయ్యేది, గేమ్‌ప్యాడ్ బొమ్మకి ఏ తేడా ఉండదు.

రూటర్ సలహా కూడా తలకిందులవుతుంది. వీ యూకి రూటర్ ఎంత దూరం ఉంటే అంత మంచిది, పోర్టల్‌కి ఆడే గదిలోనే రూటర్ ఉండాలి. పోర్టల్ వైఫై 5 దాకా మాత్రమే కాబట్టి ఖరీదైన వైఫై 7 రూటర్ కొన్నా అది తన పాత భాషలోనే మాట్లాడుతుంది. పోర్టల్‌ని 5 గిగాహెర్ట్జ్ పేరుకే కట్టేయండి. 2.4, 5 రెండూ ఒకే పేరుతో ఉంటే నడిచే దారిలో 2.4కి జారి, మళ్ళీ వెనక్కి రాకుండా అక్కడే ఉండిపోతుంటుంది.

ఇక్కడ స్పీడ్ టెస్ట్ కన్నా పింగ్ (చిన్న సందేశం వెళ్ళి తిరిగి రావడానికి పట్టే సమయం) ఎక్కువ చెప్తుంది. పోర్టల్ పట్టుకుని కూర్చునే చోటే ల్యాప్‌టాప్ పెట్టి, రూటర్ చిరునామాకి 200 పింగ్‌లు పంపండి. సగటు చూసి సంతోషపడకండి. సగటు 3 మిల్లీసెకన్లు ఉండి మధ్యమధ్యలో 80, 120 కొడుతుంటే బొమ్మ ఆగేది ఆ 120 దగ్గరే. ఇంట్లో ఎవరైనా పెద్ద ఫైలు అప్‌లోడ్ చేస్తున్నప్పుడే అలా కొడితే రూటర్‌లో ప్యాకెట్లు బారులు తీరుతున్నాయని అర్థం. రూటర్‌లో క్యూఓఎస్ (ఏ యంత్రానికి ముందు దారి ఇవ్వాలో చెప్పే సెట్టింగ్) ఉంటే ప్లేస్టేషన్‌కి ముందు వరస ఇవ్వండి.

---

టంకం

చోటు మార్చి, ఛానల్ మార్చి, మధ్యలో ఏ అడ్డం లేకుండా 2 మీటర్ల దూరంలో కూడా ఆగుతుంటే అప్పుడు యంత్రాన్ని అనుమానించండి. అంతకు ముందు వద్దు.

మొదట జత విప్పి మళ్ళీ కలపండి. కంట్రోలర్ సెట్టింగ్స్‌లో పెయిర్, గేమ్‌ప్యాడ్ ఎంచుకుని, గేమ్‌ప్యాడ్ వెనకున్న చిన్న సింక్ బొత్తాన్ని స్టైలస్ కొనతో నొక్కాలి, అది లోపలికి ఉంటుంది, వేలు దూరదు. సిస్టమ్ అప్‌డేట్ మిగిలి ఉంటే అదీ చేయండి. గేమ్‌ప్యాడ్ ఫర్మ్‌వేర్ అప్‌డేట్ అవుతున్నప్పుడు చార్జర్ తీయకూడదు.

కిందపడ్డ గేమ్‌ప్యాడ్ అయినా, ఎవరైనా విప్పి స్టిక్ మార్చినది అయినా, లోపల యాంటెన్నా తీగ ఊడి ఉండొచ్చు. సన్నటి తీగ, చివర చిన్న గుండ్రటి లోహపు టోపీ. అది వైఫై మాడ్యూల్ మీద సూటిగా కిందకి నొక్కితే టక్కుమని కూర్చోవాలి. వంకరగా నొక్కితే మధ్యలోని పిన్ను వంగిపోతుంది, తర్వాత మాడ్యూల్ మార్చడం తప్ప దారి లేదు. ఊడిన తీగతో కూడా గేమ్‌ప్యాడ్ దగ్గరగా ఉంటే పని చేస్తుంది, ఒక మీటరు జరిగితే పోతుంది. ఈ లక్షణం కనపడితే దాదాపు తీగే.

విప్పడానికి మూడు రెక్కల స్క్రూడ్రైవర్, సన్నని ప్లస్ స్క్రూడ్రైవర్ రెండూ కావాలి. ముందు బ్యాటరీ మూత తీసి బ్యాటరీ ప్లగ్గు పీకండి, తర్వాతే మిగతా స్క్రూలు. మూడు రెక్కల స్క్రూని ప్లస్‌తో తిప్పబోతే తల అరిగిపోతుంది. స్క్రూలు అన్నీ ఒకే పొడవు కావు, ఏది ఎక్కడిదో కాగితం మీద గేమ్‌ప్యాడ్ ఆకారం గీసి అక్కడే గుచ్చి పెట్టుకోండి.

గేమ్‌ప్యాడ్ వేరేది తెచ్చి చూడాలనుకుంటే అది మీ కన్సోల్ ఉన్న రీజియన్‌దే అయి ఉండాలి. పాత గేమ్‌ప్యాడ్‌లో బ్యాటరీ 1500 ఎంఏహెచ్, 3 నుంచి 5 గంటలు. పెద్దది 2550 ఎంఏహెచ్. బ్యాటరీ మార్చడం వల్ల సిగ్నల్ మెరుగవదు, ఎక్కువసేపు ఆడొచ్చు, అంతే.

---

సందేహి

రూటర్‌ని గదికి ఆ మూలకి మార్చి ఛానల్ 149 పెట్టాను, 5 మీటర్ల కేబుల్‌తో కన్సోల్‌ని గుమ్మానికి ఎదురుగా పెట్టాను. తలుపు తెరిచి ఉంటే పక్క గదిలో అస్సలు ఆగట్లేదు. తలుపు మూస్తే 10 నిమిషాల్లో ఒకసారి. గేమ్ మోడ్ పెట్టాక టీవీ శబ్దం, గేమ్‌ప్యాడ్ శబ్దం దాదాపు కలిశాయి. 240 ఫ్రేముల వీడియోలో తేడా 6 ఫ్రేములు వస్తోంది, గేమ్‌ప్యాడే ముందు.

---

మాక్రోబ్లాక్

6 ఫ్రేములంటే 25 మిల్లీసెకన్లు. గేమ్ మోడ్‌లో ఉన్న టీవీకి అది సహజమే. ఇంకా తగ్గించాలనుంటే కన్సోల్ అవుట్‌పుట్‌ని 1080పీ, 720పీ రెండింట్లోనూ పెట్టి అదే కొలత తీయండి, కొన్ని టీవీలు తమ సొంత కొలతకి సరిపోయే సిగ్నల్‌ని త్వరగా వదుల్తాయి. తలుపు మూసినప్పటి తడబాటుకి కన్సోల్‌ని ఇంకో అర మీటరు ఎత్తు పెంచి చూడండి. తలుపుకి లోహపు రేకు గానీ అద్దం గానీ బిగించి ఉందా?